పుట్టుబుద్ధి ఎంత, పడ్డ కష్టం ఎంత: స్వభావం గురించి వైజాగ్‌లో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆంధ్రా యూనివర్సిటీలో మానవ జన్యుశాస్త్రం చదువుకున్నాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు పెళ్ళి భోజనాల దగ్గర, రైతుబజారులో, పొద్దున్నే బీచ్ రోడ్డు వాకింగ్‌లో పట్టుకుని అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒక్కటే. కోపం రక్తంలోనే ఉంటుందా, పిల్లాడి పిరికితనం ఎవరి పోలిక, హుద్‌హుద్ తుఫాను తర్వాత అమ్మ ఎందుకలా అయిపోయింది. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, మందుల జోలికి వెళ్ళను.

అసలు స్వభావం అంటే ఏమిటి? మనసు రోజుకోలా ఉంటుంది కదా.

ఇవాళ ఆటో అతనితో చిల్లర దగ్గర గొడవపడ్డారంటే అది మూడ్. ఇరవై ఏళ్ళుగా ఎక్కిన ప్రతి ఆటోలోనూ గొడవపడుతున్నారంటే అది స్వభావం. చోటు మారినా, ఏళ్ళు గడిచినా మనిషిలో మళ్ళీ మళ్ళీ కనిపించే తీరు అన్నమాట.

పరిశోధకులు దీన్ని ఎక్కువగా ఐదు కొలతల మీద చూస్తారు: కొత్తవాటి మీద ఆసక్తి, పనిలో పద్ధతి, నలుగురిలో కలుపుగోలుతనం, ఎదుటివాళ్ళతో మెత్తగా ఉండటం, ఊరికే కంగారుపడే గుణం. ఎవరూ ఒక్క పెట్టెలో పడరు, ఐదింటిలోనూ ఎక్కడో ఒకచోట ఉంటారు. ఈ పేజీలో ఎక్కువ మాట్లాడేది ఐదోదాని గురించే. ఒత్తిడితో ముడిపడి ఉండేది అదే కాబట్టి.

మా గుంటడికి అచ్చం వాళ్ళ నాన్న కోపమే వచ్చింది. కోపానికి జీన్ ఉందా?

లేదు. మనిషిలో ప్రొటీన్లు తయారుచేయించే జన్యువులు సుమారు 20 వేలు. వాటిలో 'కోపం' అని పేరు రాసుకున్నది ఒక్కటీ లేదు. జన్యువు చేసే పని చూస్తే చాలా చిన్నది. ఫలానా ప్రొటీన్‌ను ఇలా తయారుచెయ్యి అని కణానికి చెబుతుంది, అంతే. ఆ ప్రొటీన్‌లో చిన్న తేడా వస్తే మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు కాస్త ముందో వెనకో, కాస్త గట్టిగానో నెమ్మదిగానో వెళ్తుంది. ఇలాంటి చిన్న తేడాలు వేలకొద్దీ కలిస్తే, ఒకడికి చప్పున గుండె దడ మొదలవుతుంది, ఇంకొకడికి నిదానంగా మొదలవుతుంది. దాన్ని కోపం అనాలా, భయం అనాలా, చురుకుదనం అనాలా అన్నది తర్వాత జరిగే కథ.

ఇక మీ వాడి సంగతి. తండ్రి దగ్గర్నుంచి సగం జన్యువులు వచ్చాయి, నిజమే. తండ్రి కంచం విసిరికొట్టడం కూడా వాడు చూశాడు. రెండూ వచ్చింది ఒకే మనిషి దగ్గర్నుంచి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు గానీ, దూడకి ఆ బుద్ధి పొట్టలో ఉండగానే వచ్చిందో, తల్లిని చూసి పట్టుబడిందో ఆ సామెత చెప్పదు. ఒక ఇంటిని చూసి ఎవరూ చెప్పలేరు కూడా. అందుకే కవలల దగ్గరకు వెళ్ళాల్సి వచ్చింది.

కవలలతో ఎలా తేలుస్తారు?

ఒకే అండం రెండుగా చీలి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు మొత్తం ఒకటే. రెండు అండాల నుంచి పుట్టిన కవలలకు, మామూలు అన్నదమ్ములకు లాగే, మనుషుల మధ్య తేడా ఉండే జన్యువుల్లో సగటున సగం కలుస్తాయి. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో, ఒకే వయసులో పెరుగుతారు. మొదటి రకం జతలు రెండో రకం కన్నా ఎంత ఎక్కువ పోలికతో ఉన్నాయో కొలిస్తే జన్యువుల వాటా ఎంతో అంచనా దొరుకుతుంది. 1875లోనే ఫ్రాన్సిస్ గాల్టన్‌కి కవలల మీద కన్ను పడింది. 1979లో అమెరికాలోని మిన్నెసోటాలో థామస్ బుషార్డ్ ఇంకో మెట్టు ఎక్కి, పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్ళలో పెరిగిన కవలలను వెతకడం మొదలుపెట్టాడు.

అందరూ చెప్పుకునేది జిమ్ కవలల కథ. వారాల పసికందులుగా ఉండగానే వేర్వేరు ఇళ్ళకు దత్తత వెళ్ళి, 39 ఏళ్ళకు కలిశారు. ఇద్దరి పేరూ జిమ్, ఇద్దరి మొదటి భార్యా లిండా, రెండో భార్యా బెట్టీ. నాకు ఈ కథ మీద మోజు లేదు. ఆ తరం అమెరికాలో జిమ్‌లు, లిండాలు, బెట్టీలు కోకొల్లలు. మన గోపాలపట్నంలో ఒకే వయసున్న ఇద్దరు అప్పలరాజులను కూర్చోబెట్టి మూడు గంటలు ఆరాలు తీస్తే, ఇద్దరి అత్తలూ సింహాచలమమ్మలే అని తేలినా నేను ఆశ్చర్యపోను. కథలు పక్కనపెట్టి లెక్కలు చూడాలి. 2015లో, అంతకుముందు 50 ఏళ్ళలో జరిగిన కవలల పరిశోధనలన్నీ కలిపి, దాదాపు 1.45 కోట్ల జతల సమాచారాన్ని పోగేశారు. ఎత్తు నుంచి మానసిక లక్షణాల వరకు అన్నీ కలుపుకుంటే జన్యువుల వాటా సగటున 49 శాతం. స్వభావం ఒక్కటే తీసుకుంటే 40 శాతం చుట్టూ ఉంటుంది.

అంటే నా స్వభావంలో 40 శాతం అమ్మానాన్నలది, 60 శాతం నాదా?

అందరూ తడబడేది ఇక్కడే, చదువుకున్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువ. ఆ 40 శాతం మీ ఒక్కరి గురించిన లెక్క కాదు. ఒక జనంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల లెక్క.

ఒక హాస్టల్ అనుకోండి. పిల్లలందరికీ పుట్టినప్పటినుంచీ ఒకే తిండి, ఒకే నీళ్ళు, ఒకే నిద్ర. అక్కడ ఒకడు పొడుగు, ఒకడు పొట్టి అయ్యారంటే ఆ తేడా దాదాపు మొత్తం జన్యువులదే. తిండి అందరికీ ఒకటే కాబట్టి తేడా చూపే పని దానికి లేదు. ఇప్పుడు సగం మందికి గంజి, సగం మందికి గుడ్డు, పాలు పెట్టండి. అవే జన్యువులు, కానీ వాటి వాటా పడిపోతుంది, తిండి వాటా పెరుగుతుంది. శాతం మారింది, పిల్లల జన్యువులు మారలేదు.

కాబట్టి 'మీ కంగారులో జన్యువులెంత' అన్న ప్రశ్నకు అసలు జవాబే ఉండదు. పులిహోర రుచిలో చింతపండు వాటా ఎంత, ఉప్పు వాటా ఎంత అని అడిగినట్టు ఉంటుంది. ఒకటి లేకుండా రెండోదానికి రుచి లేదు.

డిప్రెషన్ జీన్ దొరికిందని పేపర్లో చదివాను. అది ఏమైంది?

ఈ మొత్తం రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇది. ఒక అందమైన ఆలోచన ఎలా పుట్టి, ఎలా కూలిందో చూడొచ్చు.

మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఉంటుంది. వాడిన సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి లాక్కునే ప్రొటీన్‌కి ఒక జన్యువు ఉంది. ఆ జన్యువు ముందుభాగం కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా ఉంటుంది. పొట్టి రకం ఉన్నవాళ్ళు కాస్త ఎక్కువ ఆందోళనపడతారని 1996లో ఒక పరిశోధన వచ్చింది. 2003లో అవ్‌షలోమ్ కాస్పి, టెర్రీ మోఫిట్ బృందం అసలు బాంబు పేల్చింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్ళో 1972–73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పుట్టినప్పటినుంచీ గమనిస్తూ వస్తున్నారు. వాళ్ళలో 847 మందిని 26 ఏళ్ళ వయసులో చూశారు. ఉద్యోగం పోవడం, అప్పులు, జబ్బు, ప్రేమ చెడటం లాంటి దెబ్బలు ఎక్కువగా తిన్నవాళ్ళలో, పొట్టి రకం జన్యువు ఉన్నవాళ్ళు డిప్రెషన్‌లోకి ఎక్కువగా వెళ్ళారు. దెబ్బలు తగలనివాళ్ళలో పొట్టి అయినా పొడుగైనా తేడా లేదు.

ఎంత బాగుందో చూడండి. జన్యువు ఒక్కటే ఏమీ చేయదు, కష్టం ఒక్కటే అంతా చేయదు, రెండూ కలిస్తేనే మంట. పాఠ్యపుస్తకాలకెక్కింది. నేను చదువుకునేటప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా.

2009లో 14 పరిశోధనలు, 14,250 మంది సమాచారం కలిపి చూస్తే కష్టాల ప్రభావం గట్టిగా కనిపించింది, ఆ జన్యువు ప్రభావం కనిపించలేదు. వాదనలు పదేళ్ళు నడిచాయి. 2019లో లక్షలాది మంది సమాచారంతో ఇంకో బృందం ఈ జన్యువునూ, డిప్రెషన్‌కి కారణమని పేరుబడ్డ మొత్తం 18 జన్యువులనూ పరీక్షించింది. వీటి బదులు ఏవో జన్యువులను చీటీ తీసినట్టు ఎంచుకున్నా అంతే ఫలితం వచ్చేది. ఈ 18కి ప్రత్యేకత ఏమీ లేదు.

ఏం తప్పు జరిగింది? వందల మందితో వెతికారు. ఒక్కో జన్యు తేడా ప్రభావం అంత చిన్నది కాబట్టి అది కనపడాలంటే లక్షల మంది కావాలి. ఇప్పుడు అలాగే చేస్తున్నారు. 2018లో దాదాపు 4.5 లక్షల మందిని చూసి, కంగారుపడే గుణంతో ముడిపడిన 136 చోట్లను జన్యుపటం మీద గుర్తించారు. అన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాలో కొద్ది శాతమే చెప్పగలుగుతున్నాయి. కవలల లెక్క చెప్పే 40కీ దీనికీ మధ్య ఇంకా పెద్ద ఖాళీ ఉంది.

కష్టం, జన్యువు కలిసి పనిచేస్తాయన్న మాట తప్పని తేలలేదు, గుర్తుంచుకోండి. ఒక్క జన్యువు పేరు పెట్టి చెప్పడం తప్పని తేలింది.

టెన్షన్ ఒంట్లో ఏం చేస్తుంది?

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రోడ్డు దాటుతుంటే బస్సు మీదకొచ్చిందనుకోండి. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు క్షణంలో అడ్రినలిన్ వదులుతాయి. గుండె కొట్టుకుంటుంది, కాళ్ళకు రక్తం వెళ్తుంది, మీరు పక్కకు దూకుతారు. వెనకాలే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ అడ్రినల్‌కి కబురు పెడితే కార్టిసాల్ అనే హార్మోన్ వస్తుంది. ఇది నిదానం. రక్తంలో పైకి చేరడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అది రక్తంలోకి చక్కెరను వదిలి శక్తినిస్తుంది, తర్వాత మెదడుకే వెళ్ళి 'ఇక చాలు, ఆపు' అని కూడా చెబుతుంది.

బస్సు వెళ్ళిపోయింది, మీరు టీ తాగారు, కథ ముగిసింది. ఇలాంటి టెన్షన్ వల్ల ఎవరి స్వభావమూ మారదు. అప్పులవాడు ఏడాదిపాటు రోజూ గుమ్మంలో నిలబడితే మాత్రం ఆ 'ఆపు' అన్న మాట సరిగ్గా వినపడదు. నిద్ర పోతుంది, చిన్న చప్పుడుకీ ఉలికిపాటు, ఊరికే చిరాకు. ఏళ్ళ తరబడి అలా ఉన్న మనిషిని బయటివాళ్ళు 'అతని స్వభావమే అంత' అంటారు.

హుద్‌హుద్ అప్పటినుంచి గాలి వీస్తే మా అమ్మ తలుపులన్నీ వేసేసి మంచం మీద కూర్చుంటుంది. తుఫాను ఆమె స్వభావాన్నే మార్చేసిందా?

2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం తుఫాను కన్ను ఊరి మీదుగా తీరం దాటింది, కిటికీ రెక్కలు ఊడి ఎగిరిపోయాయి, మర్నాటికి కైలాసగిరి బోడిగా కనిపించింది. కరెంటు, నీళ్ళు, ఫోను లేకుండా రోజులు గడిపాం.

మీ అమ్మగారికి గాలి చప్పుడు అంటే భయం పట్టుకుంది. దాన్ని స్వభావం మారడం అనను. మెదడు ఒక చప్పుడునీ ఒక ప్రమాదాన్నీ కలిపి ముడేసింది, ఆ ముడి విప్పొచ్చు. ఆవిడ మిగతా రోజుల్లో మునుపటిలాగే నవ్వుతూ, పక్కింటివాళ్ళను పలకరిస్తూ ఉంటే మనిషి మారలేదు. అలా కాకుండా పీడకలలు, ఆ విషయం ఎత్తితేనే తప్పించుకోవడం, ఎప్పుడూ ఏదో జరగబోతోందన్నట్టు ఉండటం నెలకు మించి సాగితే అది ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు పరుగులు తీసినవాళ్ళకీ ఇదే మాట. వాళ్ళలో ఎవరికైనా పెయింటు వాసనకు ఒళ్ళు జలదరిస్తే అందులో పిరికితనం ఏమీ లేదు.

పెద్ద విపత్తు చూసినవాళ్ళలో చాలామంది కొన్ని నెలల్లో తేరుకుంటారు, ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. ఎవరు తేరుకుంటారన్నదానిలో పుట్టుకతో వచ్చిన కంగారు గుణం కొంత పనిచేస్తుంది. తర్వాతి నెలల్లో ఏం జరిగిందన్నది ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. 2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడిన సంగతి గుర్తుండే ఉంటుంది. మంట ఆ రాత్రితో ఆరింది. బోటు మీద తెచ్చిన అప్పు, పని లేని రోజులు, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆ రాత్రితో ఆరవు. మనిషిని నలిపేది చాలాసార్లు ఆ రెండోదే. అందుకే విపత్తు తర్వాత నష్టపరిహారం త్వరగా చేతికందడం కూడా మానసిక వైద్యంలో భాగమే అంటాను. ఎవరేమనుకున్నా సరే.

చిన్నప్పుడు పడ్డ కష్టం ఎక్కువ ముద్ర వేస్తుందా?

వేస్తుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్న సామెతకు శాస్త్రంలో బలమైన, మనసు కలిచివేసే ఆధారం రుమేనియాలో దొరికింది. 1989లో అక్కడి నియంత చౌషెస్కు పడిపోయాక, అనాథాశ్రమాల్లో వేలమంది పసిపిల్లలు కనిపించారు. తిండి, బట్ట ఉన్నాయి గానీ ఎత్తుకునే చేతులు లేవు. 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. చీటీలు తీసి సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్ళు నిండకముందే ఇల్లు దొరికినవాళ్ళు మనుషులతో అనుబంధం పెంచుకోవడంలో చాలా మెరుగ్గా కోలుకున్నారు. ఆలస్యమైనకొద్దీ కష్టమైంది. ఇల్లు దొరికిన గుంపుకీ దొరకని గుంపుకీ జన్యువుల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండే కారణం లేదు, చీటీ ఎవరికి పడిందన్నదే తేడా.

అమెరికాలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళను చిన్ననాటి దెబ్బల గురించి అడిగిన మరో అధ్యయనం ఫలితాలు 1998 నుంచి రావడం మొదలయ్యాయి. కొట్టడం, ఇంట్లో తాగుడు, తల్లి మీద హింస లాంటివి ఎన్ని ఎక్కువ పోగైతే పెద్దయ్యాక డిప్రెషన్, వ్యసనాలు, గుండె జబ్బులు అంత ఎక్కువ కనిపించాయి. ఇది గుంపు లెక్క. 'నాకు నాలుగు పాయింట్లొచ్చాయి, నా బతుకింతే' అని నెట్‌లో పరీక్ష రాసుకుని కూర్చోకండి.

కష్టాలు పడితేనే మనిషి రాటుదేలతాడని మా నాన్న అంటారు.

మీ నాన్నగారు సగం కరెక్టు. అసలు కష్టమే తెలియనివాళ్ళ కన్నా, కొద్దిగా దెబ్బలు తిన్నవాళ్ళు తర్వాతి దెబ్బను బాగా తట్టుకున్నారని 2010లో ఒక అమెరికన్ పరిశోధన చూపింది. దెబ్బలు మితిమీరితే మళ్ళీ కిందకే. మోయగలిగిన బరువు, పక్కన పెద్దవాళ్ళ తోడు, తర్వాత కాస్త విశ్రాంతి ఉంటే రాటుదేలతారు. పదో తరగతి పిల్లాడిని చావబాది 'రాటుదేలుతున్నాడు' అనుకుంటే అది వేరే సంగతి.

ఒకే ఇల్లు, ఒకే తిండి. పెద్దమ్మాయి పులి, చిన్నమ్మాయి పిల్లి. ఎలా?

1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనిస్ డేనియల్స్ సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. ఒకే ఇంట్లో పెరగడం వల్ల అన్నదమ్ముల స్వభావాలు కలవడం చాలా తక్కువని అప్పటికే తేలింది. దత్తత వచ్చి ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలు స్వభావంలో పరాయివాళ్ళంత వేరుగా ఉంటారు. ఇల్లు ఒకటే అని మనం అనుకుంటాం గానీ, పెద్దమ్మాయికి అయిదేళ్ళప్పుడు నాన్నకు స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టులు, చిన్నమ్మాయి వచ్చేసరికి జనరల్ షిఫ్టు. ఒకరికి మంచి టీచర్, ఇంకొకరికి బస్సులో ఏడిపించే గుంపు. పైగా ఒకే తిట్టు ఒకరి చెవిలో ఇటునుంచి అటు పోతుంది, ఇంకొకరి గుండెలో దిగుతుంది.

నా కష్టాలన్నీ నాకే ఎందుకొస్తాయి? అది కూడా జన్యువులేనా?

నవ్వులాటకు అడుగుతారు గానీ మంచి ప్రశ్న. కష్టాలు రెండు రకాలు. తుఫాను, దగ్గరివాళ్ళ మరణం లాంటివి మనం ఎలాంటివాళ్ళమో చూసి రావు. కొలీగ్స్‌తో గొడవలు, విడాకులు, డబ్బు చిక్కులు లాంటి వాటిలో మన స్వభావానికి కొంత చేయి ఉంటుంది. ఈ రెండో రకంలో జన్యువుల నీడ కొంచెం కనిపిస్తుందని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. త్వరగా నొచ్చుకునే మనిషికి గొడవలు ఎక్కువ, గొడవల వల్ల ఇంకా త్వరగా నొచ్చుకుంటాడు. ఇలా సుడి తిరుగుతుంది.

ఇది పట్టుకుని దెబ్బలు తినే ఇల్లాలితో 'నీ గుణం వల్లే' అనేవాళ్ళు తయారవుతారు. కొట్టే చెయ్యి ఎవరిదో దాని లెక్క ఆ మనిషిదే.

తాత పడిన కరువు మనవడి జన్యువుల్లో దాగి ఉంటుందట కదా?

వాట్సాప్‌లో బాగా తిరుగుతున్న మాట. జన్యువు అక్షరాలు మారకుండానే, వాటి మీద రసాయన గుర్తులు పడి కొన్ని జన్యువులు ఎక్కువ, కొన్ని తక్కువ పనిచేయడం నిజం. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ, మోషే షిఫ్ ఎలుకల్లో దీన్ని 2004లో చూపారు. తల్లి ఎలుక బాగా నాకి, దగ్గరకు తీసుకున్న పిల్లలు పెద్దయ్యాక టెన్షన్‌కి తక్కువ బెదిరాయి. కార్టిసాల్ మాట వినే జన్యువు మీద గుర్తులు మారాయి. ఒక తల్లి పిల్లల్ని ఇంకో తల్లి దగ్గర పెడితే, అవి పెంచిన తల్లి పద్ధతికే వచ్చాయి. యశోద పెంపకం అన్నమాట.

మనుషుల్లో 1944–45 చలికాలంలో హాలండ్‌లో వచ్చిన ఆకలి కరువు ఉంది. ఆ సమయంలో కడుపున పడ్డవాళ్ళలో అరవై ఏళ్ళ తర్వాత కూడా ఒక జన్యువు మీద గుర్తులు తేడాగా ఉన్నాయని 2008లో తేలింది. వాళ్ళు స్వయంగా కడుపులో ఉండగా కరువు చూసినవాళ్ళు. అక్కణ్ణుంచి మనవడి కోపం వరకు గీత గీసేంత ఆధారం మనుషుల్లో లేదు. తాత కష్టం మనవడికి చేరేది ఎక్కువగా ఇంటి మాటల్లోంచి, ఇంటి డబ్బుల్లోంచి.

మాది మేనరికం. పిల్లలకు పిచ్చి కోపం రెట్టింపై వస్తుందా?

రాదు. మేనరికంలో భయం వేరు. ఇద్దరిలోనూ నిద్రాణంగా ఉన్న ఒకే లోపం పిల్లలకు రెండు వైపుల నుంచీ వచ్చి, కొన్ని అరుదైన జబ్బులు బయటపడే అవకాశం పెరుగుతుంది. మేనమామ, మేనకోడలు అయితే ఇంకా ఎక్కువ. ఆ విషయం పెళ్ళికి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌లో అడగండి. స్వభావానికి మాత్రం అంత సూటి లెక్క లేదు.

వేలిముద్రలు చూసి పిల్లల స్వభావం, చదవాల్సిన కోర్సు చెబుతారట. చేయించమంటారా? లేకపోతే ఉమ్మితో చేసే జీన్ టెస్ట్?

వేలిముద్రల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదు. ఆ డబ్బుతో పిల్లల్ని అరకు తీసుకెళ్ళండి, వాళ్ళ స్వభావం రైలు పెట్టెలోనే సగం తెలుస్తుంది.

జీన్ టెస్టులు జబ్బుల విషయంలో పనికొస్తాయి. స్వభావం విషయంలో, పైన చెప్పినట్టు, తెలిసిన తేడాలన్నీ కలిపినా కొద్ది శాతమే. ఒక పిల్లాడి గురించి రిపోర్టు రాయడానికి అది చాలదు. అందులో 'మీ బిడ్డ సున్నిత మనస్కుడు, ప్రోత్సాహం అవసరం' అని ఉంటుంది. ఎవరి బిడ్డకు అవసరం లేదు చెప్పండి?

పాప పుట్టినప్పటినుంచీ ప్రతిదానికీ బెదురుతుంది. ఇలాగే ఉండిపోతుందా?

అమెరికాలో జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసిపిల్లలకు కొత్త బొమ్మలు చూపించి, కొత్త చప్పుళ్ళు వినిపించాడు. దాదాపు ఐదుగురిలో ఒకరు కాళ్ళూ చేతులూ కొట్టుకుని ఏడ్చారు. ఆ పిల్లలు తర్వాత బెరుకు మనుషులయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది. కానీ వాళ్ళలో ఎక్కువమంది మరీ బెరుకుగా తయారవ్వలేదు. ఎప్పుడూ చంకనేసుకుని కాపాడిన తల్లుల పిల్లల కన్నా, నెమ్మదిగా కొత్తవాటికి అలవాటు చేసిన తల్లుల పిల్లలు ధైర్యస్థులయ్యారు. ఆర్కే బీచ్‌లో మొదటిరోజే నీళ్ళలోకి లాక్కెళ్ళకండి, అలాగని ఇసుక కూడా తొక్కనివ్వకుండా ఉండకండి.

ఇంటర్ హాస్టల్లో చేర్చాక మా వాడు వేరే మనిషి అయిపోయాడు.

ఆరు నెలల్లో మారితే దాన్ని స్వభావం అనుకోకండి. నిద్ర ఎన్ని గంటలు పోతున్నాడు, తింటున్నాడా, స్నేహితుల్ని వదిలేశాడా అని అడగండి. చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి అన్నా, సరదాకి అన్నా, ర్యాంకు సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఇంటికి తీసుకురండి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నలభై దాటాక మారతామా?

మారతాం, ఆ సామెత కాస్త అతి. దేశదేశాల్లో మనుషులను ఏళ్ళ తరబడి గమనిస్తే, వయసు పెరిగేకొద్దీ సగటున పద్ధతి పెరుగుతోంది, కంగారు తగ్గుతోంది. ఎక్కువ మార్పు ఇరవై, నలభై ఏళ్ళ మధ్య. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు మనల్ని సానపెడతాయనుకుంటా. కౌన్సెలింగ్, మందులు తీసుకున్నవాళ్ళ మీద జరిగిన 207 అధ్యయనాలను 2017లో కలిపి చూస్తే, కొన్ని వారాల్లోనే కంగారు గుణం చెప్పుకోదగ్గంత తగ్గింది, తర్వాత కూడా చాలావరకు నిలిచింది. క్లాసులో మొదటి బెంచీ, చివరి బెంచీ వరస మాత్రం పెద్దగా మారదు. అందరికన్నా ఎక్కువ కంగారుపడే మీ మేనత్త అరవై ఏళ్ళకు నెమ్మదిస్తారు, కానీ మీ ఇంట్లో ఎక్కువ కంగారు ఆవిడే అయి ఉంటారు.

వైజాగ్‌లో ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మన ఊళ్ళో ఎవరినైనా వెక్కిరించాలంటే ఆ ఆసుపత్రి పేరే ఎత్తుతారు, అందుకే ఓపీకి వెళ్ళడానికి సిగ్గుపడతారు. అక్కడి వరండాలో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది మీలాంటి నాలాంటి వాళ్ళే, నిద్ర పట్టక, గుండె దడతో వచ్చినవాళ్ళు. వెళ్ళడానికి మనసొప్పకపోతే ముందు మానసిక సమస్యలకు ఫోన్‌లోనే సలహా ఇచ్చే టెలి-మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బులేమీ పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసేటప్పుడు 'మా వంశంలోనే ఉందండీ' అని మొదలుపెట్టకండి. ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, ఈమధ్య ఏం జరిగింది, ఈ మూడూ ముందు చెబితే వాళ్ళకు పని తేలికవుతుంది.